స్వల్ప మార్పులు

కోనసీమలో అండర్‌గ్రౌండు అంటే ఎవరైనా నవ్వుతారు. పారతో నాలుగు పోట్లు పొడిస్తే నీళ్ళూరే నేల ఇది. సమాధికి గొయ్యి తీసినా ముందు నీళ్ళు తోడుకోవాల్సిందే. అలాంటి చోట, అమలాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో, రైలు కట్ట కింద ఇరవై అడుగుల లోతున టిక్కెట్ల హాలూ, ఇటు నుంచి అటు వెళ్ళడానికి సొరంగం దారీ కడతామని కంపెనీవాళ్ళు దిగారు. రైలు వస్తుంది వస్తుంది అని మూడు తరాలుగా వింటున్నవాళ్ళకి స్టేషను పైన కడితేనేం, కింద కడితేనేం? దానికి 'అండర్‌గ్రౌండు స్టేషను' అని పేరు పెట్టేసి, దూరాన ఉన్న చుట్టాలకి ఫోన్లు చేసి గొప్పలు చెప్పుకున్నారు.

ఆ కంపెనీలో మెర్సీకి ఉద్యోగం వచ్చింది. చుట్టుపక్కల జనానికి ఎప్పటికప్పుడు కబురు చెప్పడమే ఆమె పని. ఏ రోడ్డు ఎన్నాళ్ళు మూస్తారు, ఏ వేళకి చప్పుడు మొదలవుతుంది, లారీలు ఎటు నుంచి తిరుగుతాయి, ఇవన్నీ కాయితం మీద రాసి, ఇంటింటికీ తిరిగి చదివి వినిపించి, సంతకాలు పెట్టించుకు రావాలి. పెద్ద చదువు చదివిన పిల్ల, నోరు మంచిది, పైగా ఆ తవ్వకానికి ఆనుకుని ఉన్న పేటలోనే పుట్టి పెరిగింది. కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి?

నిజం చెప్పొద్దూ, మొదటి ఆరు నెలలూ మెర్సీ ఆ పని బంగారంలా చేసింది. రోడ్డు మూసే ముందు రోజే గడప గడపకీ వెళ్ళి చెప్పేది. పేటలో ఎవరో పోతే, మట్టి చేసి వచ్చేదాకా మిషన్లు ఆపించింది. తెల్ల హెల్మెట్టు పెట్టుకుని స్కూటీ మీద వస్తుంటే ముసలాళ్ళు అరుగు మీంచి లేచి నిలబడేవారు. వాళ్ళు లేస్తుంటే ఆమెకి సిగ్గుగానూ ఉండేది, లోపలెక్కడో బాగానూ ఉండేది. 'మెర్సీ చెప్పిందా? అయితే సరే' అన్నది పేటలో మాటయిపోయింది.

పేటంటే నలభై ఇళ్ళు, ఒక చర్చి, చర్చి పక్కన ఒక నుయ్యి. కుళాయి ఉంది గానీ అది వారానికి మూడు రోజులు వస్తే గొప్ప, ఆ నీళ్ళు అంట్లకీ బట్టలకీ. తాగడానికీ వంటకీ నూతి నీళ్ళే. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఆ నుయ్యి కొబ్బరి నీళ్ళలా ఉంటుందని అప్పనపల్లి గుడికి వెళ్ళే యాత్రికులు కూడా ఆగి సీసాలు నింపుకునేవారు. దాన్ని తవ్వినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది సుగుణ మామ్మ ఒక్కతే. ఆవిడ కొత్త కోడలిగా వచ్చిన ఏడు, ఊళ్ళో నూతి దగ్గర ఎవరైనా దయతలిచి పోస్తే దోసిలి పట్టుకు తాగే రోజులు. ఒక వేసవిలో ఆ దోసిలి విదిలించి, మొగాళ్ళు తవ్వుతుంటే ఆడాళ్ళు తట్టలతో మట్టి మోసి, పదకొండు రోజుల్లో తమ నుయ్యి తాము తవ్వుకున్నారు. మామ్మ ఆ కథ చెప్పడం మొదలుపెడితే అన్నం ఉడికి మాడేదాకా చెబుతుంది.

తవ్వకం లోతుకి వెళ్ళే వేళకి చిక్కొచ్చింది. నీళ్ళు ఊరి రాకుండా గొయ్యి చుట్టూ దిగగొట్టాల్సిన ఇనప పలకలు టైముకి రాలేదు. సైటు ఇంజనీరు శ్యామ్ బాబు చెడ్డవాడేం కాదు, గడువు మెడ మీద ఉన్నవాడు. పలకల కోసం ఆగకుండా మోటార్లు పెట్టి రాత్రీ పగలూ నీళ్ళు తోడేద్దామన్నాడు. ఎన్నాళ్ళంటే నలభై అయిదు రోజులు.

"నూతులకేం కాదాండీ?" అని అడిగింది మెర్సీ.

"ఇక్కడ పైన తీపి నీళ్ళు, అడుగున ఉప్పు నీళ్ళండి. పైవి లాగేస్తే అడుగువి పైకి రావచ్చు."

"అది నోటీసులో రాయొద్దాండీ?"

"రావచ్చన్నాను గానీ వస్తాయన్నానా? ఆ ముక్క రాస్తే రేపే వచ్చి గోతికి అడ్డంగా కూర్చుంటారు. మీ మాటంటే మీవాళ్ళకి గురి. మీరే చూసి రాయండి."

మెర్సీ ఒక పూటంతా కూర్చుని రాసింది. 'నూతుల నీటిమట్టంలో తాత్కాలికంగా స్వల్ప మార్పులు ఉండవచ్చును.' నాలుగు సార్లు చదువుకుంది. ఎక్కడా అబద్ధం లేదు. ఇంత ఒడుపుగా రాయడం తనకి వచ్చినందుకు ఆ పూట లోలోపల మురిసిపోయింది కూడా. తర్వాత్తర్వాత ఆమెకి అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించింది ఆ మురిపెం గుర్తొచ్చినప్పుడే.

కాయితం పట్టుకుని ముందుగా సుగుణ మామ్మ దగ్గరికే వెళ్ళింది. మామ్మ సంతకం పెట్టిందంటే మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళూ చదవకుండా పెడతాయని మెర్సీకి తెలుసు.

మామ్మ అంతా విని, "ఇంతకీ నూతికేం అవదు కదే అమ్మడూ?" అంది.

"నీళ్ళలో స్వల్ప మార్పులు ఉండొచ్చు మామ్మా."

"అంటే ఏంటే?"

"కాస్త కిందికి దిగుతాయి. చేంతాడు ఓ మూర పొడుగు కట్టుకోవాలేమో."

"ఆయ్" అంది మామ్మ.

గోదావరి జిల్లాల్లో 'ఆయ్' అన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు. వింటున్నాను చెప్పమనీ కావచ్చు, నీ మాటకి ఎదురు చెప్పడం మర్యాద కాదనీ కావచ్చు, చెప్పేది నువ్వు గనక నమ్ముతున్నాననీ కావచ్చు. పై ఊరి నుంచి వచ్చిన శ్యామ్ బాబుకి తెలియకపోతే తప్పులేదు. మెర్సీకి తెలుసు. తెలిసే, మామ్మ పేరుకి ఎదురుగా ఉన్న గడిలో 'విని, అంగీకరించారు' అని రాసింది. మామ్మ వేలిముద్ర వేయనంది. చర్చి బడిలో పెద్దయ్యాక నేర్చుకున్న అక్షరాలతో, నాలుక పంటి కింద పెట్టుకుని, 'సుగుణ' అని మూడక్షరాలు రాయడానికి అయిదు నిమిషాలు తీసుకుంది. ఆ అయిదు నిమిషాల్లో ఏ క్షణాన నోరు తెరిచినా సరిపోయేది. మెర్సీ తెరవలేదు.

ఆ సాయంత్రమే వాటర్ ప్లాంటు చంటికి ఫోన్ చేసి, మోటార్లు మొదలయ్యే సోమవారం నుంచి తమ ఇంటికి రోజుకో నీళ్ళ టిన్ను వేయమంది. ఎందుకే అని తల్లి అడిగితే, ఒంటికి మంచిదంది.

మోటార్లు మొదలైన మూడో వారంలో మామ్మ పక్కింటి వీరదుర్గ పొయ్యి మీద టీ విరిగిపోయింది. పాలవాణ్ణి నాలుగు తిట్టి ఇంకో పేకెట్టు తెచ్చి కాస్తే అదీ విరిగింది. మర్నాడు ఇంకో ఇంట్లో కందిపప్పు గంటన్నరైనా ఉడకలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సుగుణ మామ్మ నూతి దగ్గరికి వచ్చి, చేద పైకి లాగించి, పుక్కిలి పట్టి, ఊసేసింది. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. చర్చి మెట్ల మీంచి చూసిన మెర్సీకి తల కొట్టేసినట్టయింది. చెప్పులు వేసుకోకుండానే ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

పేటవాళ్ళు అర్జీ పెట్టారు. అమలాపురం నుంచి ఆఫీసరు గారొకరు విచారణకి వచ్చారు. చర్చి వరండాలో కుర్చీలు వేశారు. శ్యామ్ బాబు ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. నలభై సంతకాలు, మొదటిది 'సుగుణ'. ఆఫీసరు గారు నోటీసు చదివి కళ్ళజోడు తీశారు.

"ఇందులో ఉప్పు అన్న మాటే లేదు. నోటితోనన్నా చెప్పారా? సంగతి జనానికి చెప్పకుండా తోడితే మాత్రం ఇవాళే మోటార్లు ఆపించేస్తాను" అని మెర్సీ వైపు చూశారు.

'చెప్పలేదండీ.' ఒకటంటే ఒకటే మాట. ఆ ఒక్క మాటంటే మోటార్లు ఆగుతాయి, నుయ్యి దక్కినా దక్కుతుంది. తన ఉద్యోగం పోతుంది. కబుర్లు చెప్పే ఉద్యోగంలో కబురు దాచిందన్న పేరు పడితే ఇంకెక్కడా రాదు. మెర్సీ తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తూ నిలబడింది.

వెనక నుంచి సుగుణ మామ్మ లేచింది.

"ఆయ్ అండి. చెప్పిందండి" అంది.

"ఉప్పు వస్తుందని చెప్పిందా?"

"అన్నీ చెప్పిందండి మా పిల్ల. ముసిలిదాన్ని, నాకే బుర్రకెక్కలేదండి."

ఆఫీసరు గారు మిగతావాళ్ళ వైపు తిరిగి, మీకూ చెప్పిందా అన్నారు. ముందు వీరదుర్గ, ఆమె వెనక ఇంకొకళ్ళు, అలా వరండా అంతా "ఆయ్ అండి" అంది. ఆయన చేసేదేముంది? జనానికి ముందే చెప్పినట్టు రాసుకుని, రోజుకి రెండు టాంకర్ల నీళ్ళు పంపమని కంపెనీకి చెప్పి, జీపెక్కారు. మోటార్లు ఆగలేదు. "మీ ఫైలే మనల్ని కాపాడిందండి" అని శ్యామ్ బాబు మెచ్చుకుంటుంటే, మెర్సీకి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంది.

జనం వెళ్ళాక ఆమె మామ్మ ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే కూలబడింది.

"ఎందుకలా చెప్పేవు మామ్మా? నేను చెప్పలేదు కదా. నాకు ముందే తెలుసు మామ్మా."

"తెలుసే."

"తెలుసా?"

"మోటార్లు పెట్టిన సోమవారం నుంచీ మీ ఇంటికి టిన్నులొస్తన్నాయి కదా. ఈ పేటలో ఎవరింటికి ఏ చుట్టం వచ్చేడో కూడా దాగదు. టిన్ను దాగుద్దేంటి? మొదట్లో మీ అమ్మకి ఒంట్లో బాలేదేమో అనుకున్నాం. టీ విరిగేక అర్థమైంది."

"అందరికీనా?"

"అందరికీనే. ఆఫీసరు గారు వచ్చే ముందు వీళ్ళంతా నీ మీద చెప్పేస్తామన్నారు. నేనే వద్దన్నాను. పిల్ల మనది. నుయ్యి పోతే టాంకరొస్తది. నీ పేరు పోతే ఏ టాంకరు తెస్తది?"

మెర్సీ ఏడ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఇప్పుడే ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేస్తానని లేచింది.

"వెళ్ళి ఏం చెబుతావ్? సుగుణమ్మ చర్చి వరండాలో నిలబడి అబద్ధం ఆడిందని చెబుతావా?" అంది మామ్మ. గొంతు పెంచలేదు. "పుట్టి బుద్ధెరిగేక అదొక్కటే ఆడేనే. దాన్ని కూడా వీధిలో పెట్టకు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు చూశారూ, మెర్సీకి అక్షరాలా అదే జరిగింది. చెబితే మామ్మ పరువు పోతుంది, చెప్పకపోతే నుయ్యి పోతుంది. ఆవిడ ఇంకో మాట కూడా అంది. "కాయితంలో రాయకపోతే పోయేవు. నీ ఉద్యోగం నీది. నా చెవిలో ఒక్క ముక్క ఊదుంటే, ఉన్న నాలుగు కుండలూ నింపుకునేవాళ్ళం కదే. ఆ నూతికి ఒక దణ్ణమన్నా పెట్టుకునేవాళ్ళం."

నలభై అయిదు రోజులూ అయ్యాక ఇంకో ఇరవై రోజులు తోడాల్సి వచ్చింది. ఈసారి నోటీసు మెర్సీ ఎవర్నీ అడక్కుండా రాసింది. 'ఇంకో ఇరవై రోజులు నీళ్ళు తోడతాం. నూతి నీళ్ళు ఇంకా ఉప్పెక్కుతాయి. ఎన్నాళ్ళకి తీపి తిరుగుతాయో మాకు తెలియదు. తిరగకపోవచ్చు కూడా.' శ్యామ్ బాబు ఇది పంచొద్దన్నాడు. పంచనివ్వకపోతే ఉద్యోగం మానేస్తానని, హెల్మెట్టు తీసి ఆయన బల్ల మీద పెట్టింది. గంటసేపు వాదించి వాదించి ఆయనే తగ్గాడు. మెర్సీ ఆ కాయితాలు తీసుకుని, చాలా రోజుల తర్వాత తల కొంచెం ఎత్తుకుని, పేటకి వచ్చింది.

సుగుణ మామ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరాకు ఈనెలు చీరుతోంది. నోరారా నవ్వి, "రావే అమ్మడూ, ఎండన పడి వచ్చేవు, కూర్చో" అంది. మునుపటిలాగే ఉంది పలకరింపు. మెర్సీ పక్కన కూర్చుని, కాయితం విప్పి, గొంతు సవరించుకుంది.

"చదవక్కర్లేదులే" అంది మామ్మ మెత్తగా. "అక్కడ పెట్టెళ్ళు."

"ఈసారి అంతా రాసేను మామ్మా. నేనే రాసేను."

"మంచి పని చేసేవు. అక్కడ పెట్టు, నాన్నా. ఎండెక్కుతోంది, మిగతా ఇళ్ళు కూడా చూసుకోవాలి కదా."

మెర్సీ కాయితం అరుగు మీద పెట్టింది. గాలికి ఎగురుతుంటే మామ్మే చీపురుకట్ట జరిపి దాని మీద పెట్టింది. సంతకం అడగడానికి మెర్సీకి నోరు రాలేదు. లేచి వచ్చి స్కూటీ తాళం తిప్పుతుంటే, వెనక నుంచి మామ్మ పక్కింటివైపు కేకేయడం వినిపించింది.

"ఒసే వీరదుర్గా, చెయ్యి ఖాళీ అయితే ఒకసారి రావే. కాయితమేదో ఇచ్చేరు, చదివిపెడుదువు గాని. ఉన్నదున్నట్టు చదవాలి."