వెనక కారులో మనిషి

కిష్టయ్యకు కారు నడపడం రాదు. అయినా కొన్నాళ్లుగా అతని కొలువు కారులో డ్రైవరు సీట్లో కూర్చోవడమే.

ఆ పని ఇప్పించింది అక్క మంగళ. సెంట్రింగు పనిలో నడుము పట్టేసి, బరువు ఎత్తలేక, కామాటిపురలోని అక్క ఒంటిగది ఖోలీలో గోడకు ఆనుకుని పొద్దు గడుపుతున్న తమ్ముణ్ణి చూడలేక భర్త బుచ్చన్నను పోరింది. బుచ్చన్న సినిమా షూటింగులకు కారవాన్ నడుపుతాడు. యాక్టర్లు బట్టలు మార్చుకోవడానికి, పడుకోవడానికి వాడే బస్సంత బండి అది. లొకేషన్‌లో అటూ ఇటూ తిరగడానికి పనికొస్తుందని బండి యజమాని సేఠ్ దాని వెనక ఒక చిన్న కారును ఇనుప కడ్డీతో తగిలించి పంపడం మొదలుపెట్టాడు. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. కొండల్లో ఘాట్ రోడ్డు దిగేటప్పుడే చిక్కు. ముందు బండి బ్రేకు వేసిన సంగతి వెనక కారుకు తెలియదు. అది తన బరువంతా తెచ్చి ముందు బండిని నెడుతుంది. వెనక కారులో పెడితే దానంతటదే బ్రేకు తొక్కే మిషన్ ఒకటి ఉందని బుచ్చన్న చెబితే, సేఠ్ నవ్వి, ఒక మనిషిని కూర్చోబెట్టమన్నాడు. ముందు ఎర్ర లైటు వెలిగినప్పుడు తొక్కితే చాలు కదా అన్నాడు.

"ఆరాం పని రా," అంది మంగళ. "కూసొని కాలుతోని ఒత్తుడే. నీ నడుముకు తిప్పలుండదు."

నడుముకు లేదు గానీ కాలికి ఉంది. ఇంజన్ ఆపిన కారులో పెడల్ ఒకటి రెండు సార్లు తొక్కేసరికి రాయిలా బిగుసుకుపోతుంది. ఆపైన ప్రతిసారీ ఒళ్లంతా సీటుకు ఆనించి తొక్కాలి. ఘాట్ దిగి వచ్చిన రోజు కిష్టయ్య అక్కావాళ్లుండే చాల్ మెట్లు ఒక్కోటి ఆగి ఆగి ఎక్కేవాడు. అక్క చూస్తే మాత్రం చెప్పు తెగిందనేవాడు.

ఆ రోజు ఇగత్‌పురిలో షూటింగు ముగిసింది. అంతకుముందు వరసగా కొన్ని రాత్రులు కారవాన్ యాక్టర్లకే పోయింది. బావాబామ్మర్దులిద్దరూ కారు సీట్లలో ముడుచుకుని పడుకున్నారు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం. పైన మబ్బు, కింద తడి రోడ్డు. కడ్డీ బిగించాక బుచ్చన్న కారు కిటికీ దగ్గరకు వచ్చి వంగి చూశాడు.

"కండ్లు ఎర్రగున్నయ్ కిష్టయ్యా. పండలేదా?"

"పన్న బావా. పోదాం పా."

కసారా ఘాట్ మొదలైంది. ముందున్న కారవాన్ వీపు తప్ప అతనికి ఏమీ కనిపించదు. తెల్లటి రేకు, రెండు లైట్లు. లైట్లు ఎర్రబడతాయి, తొక్కుతాడు. ఆరిపోతాయి, వదులుతాడు. రోడ్డు ఎటు తిరుగుతుందో, లోయ ఎటు ఉందో తెలియదు. చేతికింద స్టీరింగు దానంతటదే తిరుగుతూ ఉంటుంది. కాసేపటికి పిక్క వణకడం మొదలైంది. ఒక మలుపులో లైట్లు వెలిగాయి. కాలు లేవలేదు. తొడ నుంచి మడమ దాకా నరం పట్టేసింది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని లేపేలోపే కడ్డీ కీచుమంది, కారు ముందుకు తోసుకుపోయింది. కారవాన్ వెనక భాగం పక్కకు జరగడం అతనికి స్పష్టంగా కనిపించింది. ఎడమ కాలుతో తొక్కాడు. అంత పెద్ద బండీ ఒకసారి ఊగి, మళ్లీ వరసలోకి వచ్చింది.

ఆ తర్వాత అతను కాలు తీయలేదు. లైట్లు వెలిగినా ఆరినా, రెండు కాళ్లూ పెడల్ మీదే బిగబట్టి కూర్చున్నాడు. తీస్తే బావ లోయలో పడతాడనిపించింది. కాలిన వాసన వచ్చినా తీయలేదు. పెడల్ మెత్తబడి కాలికింద లోపలికి పోయినప్పుడు మాత్రం అతనికి ఏడుపొచ్చింది. హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచేశాడు.

బుచ్చన్న అద్దంలో అప్పటికే పొగ చూశాడు. చిన్న గేరులోకి దించి, కొండ వైపు ఆనించుకుంటూ, లారీలు ఆగే వెడల్పు జాగాలో ఆపాడు. దిగి వచ్చి ముందుగా చక్రాల కింద రాళ్లు పెట్టి, కారు తలుపు తీశాడు.

"దిగు."

"కాలు వస్తలేదు బావా."

బుచ్చన్న చంకల కింద చేతులేసి అతన్ని బయటకు లాగి, గట్టు మీద కూర్చోబెట్టి, పిక్కను రెండు చేతులతో పిసికాడు. చక్రాల దగ్గర పొగ మెల్లగా పలచబడింది.

"నిన్ను సంపుతుంటిని," అన్నాడు బుచ్చన్న చివరకు.

"నేను నిన్ను సంపుతుంటి."

బుచ్చన్న కడ్డీ విప్పేశాడు. సేఠ్‌కు ఫోన్ చేసి, కారు ఇక్కడే ఉందని, మనిషిని పంపి తెప్పించుకోమని, ఇకమీద ఆ మిషన్ పెట్టందే వెనక బండి కట్టనని హిందీలో చెప్పాడు. అవతల కేకలు కిష్టయ్యకు కూడా వినిపించాయి. బుచ్చన్న ఒప్పుకోలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని బామ్మర్దిని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. మొదటిసారి కిష్టయ్యకు ఘాట్ కనిపించింది. చూద్దామనుకుంటూనే నిద్రపోయాడు.

కారవాన్ లేకపోతే సేఠ్‌కు సాగదు, బుచ్చన్న లేకపోతే ఆ కారవాన్ సాగదు. కొద్ది రోజులకు మిషన్ వచ్చింది. ఫోరస్ రోడ్డు పక్క గ్యారేజీలో దాన్ని కారులో బిగించారు. కిష్టయ్య కూర్చునే సీటు ముందు ఒక పెట్టె, పెట్టె నుంచి పెడల్‌కు ఇనుప చెయ్యి. బుచ్చన్న కారవాన్ బ్రేకు తొక్కి చూశాడు. ఇనుప చెయ్యి చప్పుడు లేకుండా పెడల్ ఒత్తి, వదిలింది. ఇక ఆ సీట్లో మనిషి అక్కరలేదు.

ఆ సంగతి విని మంగళ పొయ్యి కట్టేసి భర్త మీదికి లేచింది. "నా తమ్ముని పని నువ్వే ఊడగొడ్తివి. సేఠ్ పొమ్మన్నడా? లేదు. నువ్వే అడిగి తెప్పిస్తివి."

"నేనే తెప్పించిన," అన్నాడు బుచ్చన్న. కంచం ముందు కూర్చుని ఎదురు చూశాడు.

మంగళ తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు. ఇప్పుడేం జేస్తవ్?"

కిష్టయ్య ఘాట్‌లో జరిగింది ఇంట్లో చెప్పలేదు. బావ కూడా చెప్పలేదు. చెబితే అక్క రాత్రులు నిద్రపోదని ఇద్దరికీ తెలుసు.

"గ్యారేజీల చక్రాలు కడుగనీకి మనిషి గావాలన్నరక్కా," అన్నాడు. "అడిగి చూస్త. ముందైతే అన్నం పెట్టు. నాకు నిద్రొస్తుంది."