హనుమక్కకు వేసిన కుర్చీ

మాతో పనిచేసే లింగన్న, కడుతున్న బిల్డింగు నాలుగో అంతస్తు నుంచి పడిపోవడం ఇరవైమంది ఆడకూలీలం కళ్లారా చూశాం. నడుముకు బెల్టు లేదు, కింద వల లేదు. ప్రాణం ఉంది గనుక ఆసుపత్రికి మోసుకుపోయారు. సాయంత్రానికి కాంట్రాక్టరు దేవరాజ్ తేల్చేశాడు: "తాగి పడినాడు. తాగినోడికి మేం వైద్యం చేయించం."

తాగలేదని కాగితం రాయించి, అందరం వేలిముద్రలు వేసి లేబర్ ఆఫీసులో ఇద్దామనుకున్నాం. రాయించుకొస్తానని మాలో హనుమక్క ముందుకొచ్చింది.

మర్నాడే దేవరాజ్ ఆమెను తన రేకుల షెడ్డులోకి పిలిచాడు. కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. మూడు రోజులు అదే వరస.

నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఎనిమిదేళ్లుగా దేవనహళ్ళి చుట్టూ ఇళ్లు కడుతున్నాను, నన్ను ఒక్కడూ కూర్చోమనలేదు. ఆమెలో ఏముందట? "దేవరాజుకు ఉప్పందిస్తాండాది" అని నేనే అన్నాను. అందరూ నమ్మారు. కాగితం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కాంక్రీటు నింపిన ఇనప బాండ్లీ మా వరసలో చేతి నుంచి చేతికి పోవాలి. హనుమక్క పక్కన నేను. ఆమె చేయి చాచింది. నేను బాండ్లీ నేలమీద పెట్టాను. రోజంతా వంగి వంగి ఎత్తుకుంది. తప్పని ఒక్కరూ అనలేదు.

నాలుగోరోజు షెడ్డు గుమ్మంలోంచి దేవరాజ్ పిలిచాడు. "మల్లక్కా, ఈ పొద్దు నువ్వు బా, లోపలికి. టీ తాగుదువు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషమేసింది. చేతులు కూడా కడుక్కున్నాను.

హనుమక్క మెల్లగా అంది: "పోయిరా మే. ఏమీ అడగడు. ఫోను చూసుకుంటా ఉంటాడు. మీరంతా చూడాలనే కూచోబెడతాడు."

"ముందే చెప్పచ్చు గదా?"

"చెప్పింటే నమ్ముతాంటివా?"

నమ్మేదాన్ని కాదు. వెనక్కి చూశాను. నిన్నటిదాకా ఆమెను పొడిచిన చూపులు ఇప్పుడు నా మీద ఉన్నాయి.

"అందరూ రాండి మే, టీ తాగుదాం" అన్నాను.

ఇరవైమందిమి షెడ్డులో కిక్కిరిశాం. దేవరాజ్ లేచి నిలబడ్డాడు. "ఒక్కదాన్నే కదా పిలిచింది?"

"ఇంక ఒక్కొక్కరం రాము. లింగన్న తాగలేదప్పా" అన్నాను.

హనుమక్క రాయించుకొచ్చిన కాగితం రవికలోంచి తీసి టేబుల్ మీద పరిచింది. ఆ మూడు రోజులూ వాడి ఎదుట కూర్చున్నప్పుడు అది ఆమె గుండెలమీదే ఉంది. ఆమె వేలిముద్ర అప్పటికే పడి ఉంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. వాడి స్టాంపు ప్యాడే లాక్కుని రెండో ముద్ర నేను వేశాను. నా వెనక వరస కదిలింది.

దేవరాజ్ పోలీసులకు ఫోన్ చేశాడు. ఎవరూ బయటికి పోలేదు.

హనుమక్క ఆ కుర్చీ లాగి పక్కకు నెట్టి నేలమీద కూర్చుంది. "రానీలే. ఇరవై టీలు చెప్పప్పా" అంది.