మిరపకాయ పెన్‌డ్రైవ్

మా మిరప చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేస్తాం. పురుగు లోపలికి రాకుండా అడ్డుగా ఉంటుందని. జొన్న పాలకంకికి వచ్చేసరికి చిలకలు దిగుతాయి. వాటిని తోలడానికి నాన్న గట్టు మీద కర్ర పాతి, పైన మైకు కట్టి, కింద బ్యాటరీ పెట్టె పెట్టాడు. పెట్టెకు పెన్‌డ్రైవ్ గుచ్చితే పొద్దుగూకేదాకా అందులో ఉన్నదే అరుస్తూ ఉంటుంది.

ఆ పెన్‌డ్రైవ్ అచ్చం ఎండుమిరపకాయలా ఉంటుంది. రెండేళ్ళ కిందట విత్తనాల కొట్టువాళ్ళు ఇచ్చారు. ఎర్రగా, కొస దగ్గర కొంచెం వంకరగా ఉంటుంది. తొడిమ పట్టుకుని లాగితే లోపలి రేకు బయటికొస్తుంది.

"దీన్ని నా వంటింట్లో మాత్రం పెట్టమాకండి, పులుసులో వేసేస్తా" అనేది అమ్మ.

నిరుడు అమ్మ అరుపుల్ని నాన్న తన ఫోనులో రికార్డు చేసి అందులోకి ఎక్కించాడు. "హోయ్... హోయ్... పో... హోయ్!" అని మూడు నిమిషాల నలభై సెకన్లు. మధ్యలో ఒకసారి దగ్గుతుంది. గాజులు కూడా వినపడతాయి.

వేసవిలో జ్వరమొచ్చి అమ్మ పోయింది. అంతకుముందే ఆ ఫోను నీళ్ళలో పడి పాడైపోయింది. అమ్మ గొంతు ఇక ఆ మిరపకాయలో తప్ప ఎక్కడా లేదు.

ఈ ఏడు జొన్న కంకి వేయగానే నాన్న ఏమీ ఆలోచించకుండా దాన్నే తీసుకెళ్ళి గుచ్చాడు. నాలుగడుగులు వేశాడో లేదో, వెనక నుంచి అమ్మ అరిచింది. చాలాసేపు కదల్లేకపోయానని నాన్నే నాతో చెప్పాడు. కానీ తీసేయలేదు. నేను రోజూ కాలేజీ నుంచి రాగానే పుస్తకం పట్టుకుని ఆ కర్ర కింద కూర్చునేదాన్ని.

తర్వాత మిరప కోతలొచ్చాయి. ముఠా మేస్త్రీ కోటిరత్నం అత్త పదిమంది ఆడవాళ్ళను తీసుకొచ్చింది. మధ్యాహ్నానికే అందరూ బుట్టలు దించేసి వెళ్ళిపోయారు. సాయంత్రం అత్త మా ఇంటికొచ్చింది.

"చెంచురామయ్యన్నా, నువ్వేమన్నా అనుకో. పోయిన మనిషి నెత్తిమీద అరుస్తా ఉంటే కింద వంగి కాయలెట్టా కొయ్యమంటావ్?"

"పెన్‌డ్రైవే కదా రత్నం."

"పెన్‌డ్రైవో ఏందో నాకు తెలీదు. మా ముఠాలో సఫూరా అదిరిపడి బుట్టెడు కాయ ఒలకబోసింది. ఆ గొంతు తీసెయ్, ఎల్లుండే వస్తాం. లేదంటే వేరే ముఠాని చూసుకో."

"ఊరంతా కోతలైతే వేరే ముఠా ఎక్కణ్ణించి తేను?"

"అందుకేగా చెప్తున్నా!"

కాయ చెట్టు మీదే ఎండి రాలిపోతోంది. నాన్న తెల్లారి మిరపకాయను నా చేతిలో పెట్టాడు. "పొదిల్లో బుడే జెరాక్సు షాపులో ఇవ్వు. కుక్కల అరుపులు ఎక్కిస్తాడు. నేను ఫోన్ చేసి చెప్తాలే, నువ్వేం మాట్లాడక్కర్లేదు" అన్నాడు, నా వైపు చూడకుండా.

కొత్తవాళ్ళతో నేను మాట్లాడలేనని నాన్నకు తెలుసు. పదో తరగతి దాకా మా ఊరి బళ్ళో కూడా ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పేదాన్ని కాదు.

బుడే అన్న షాపు అద్దాల పెట్టెలో రకరకాల ఆకారాల్లో పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి. లారీ, తాళంకప్ప, క్రికెట్ బ్యాట్, కూల్‌డ్రింక్ సీసా. మూలన ఒక బొటనవేలు. గోరు, చర్మం మీద గీతలు, అన్నీ ఉన్నాయి. ఎవరిదో వేలు కోసి అక్కడ పెట్టినట్టుంది.

"పాతది చెరిపేసి కుక్కల్ని వేయమన్నాడు మీ నాన్న. చెరిపేస్తున్నా మరి" అన్నాడు బుడే అన్న.

వెనక జెరాక్సు కోసం జనం. డైరీ తీసి, ఒక పేజీలో గబగబా రాసి చూపించాను. 'అది మా అమ్మ గొంతు. ఇంకెక్కడా లేదు. ఇంకోదాంట్లోకి ఎక్కించి తర్వాత చెరపండి.'

చదివి గొంతు తగ్గించాడు. "నోటితో చెప్పొచ్చుగా తల్లీ." అద్దం జరిపి బొటనవేలు తీశాడు. "భయపడి దీన్నెవరూ కొనట్లేదు. ఊరికే పడుంది, నువ్వు తీసుకుపో. రెండు పాటలు కూడా వేస్తాలే." ఎక్కించాక హెడ్‌ఫోన్లు నా ముందుకు జరిపాడు. "విని చూసుకుంటావా?"

అంతమందిలో ఏడుపొస్తుందని తల అడ్డంగా ఊపాను. మిరపకాయను చెరిపి కుక్కల్ని వేసి, రెండూ నా చేతిలో పెట్టాడు. బొటనవేలు గోరువెచ్చగా ఉంది. కంప్యూటర్ వేడి అనుకున్నాను.

మర్నాడు సెలవు. నాన్న పొద్దున్నే చేలో కుక్కల్ని పెట్టాడు. ముఠా వచ్చింది. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉండి బొటనవేలును టీవీకి గుచ్చాను. పాటలు ఇల్లదిరేలా మోగాయి. తర్వాత అమ్మది పెట్టాను. టీవీ మీద సెకన్లు కదులుతున్నాయి కానీ శబ్దం లేదు. సౌండు మొత్తం పెంచాను. దగ్గు రావాల్సిన చోట దగ్గు లేదు. మూడు నిమిషాల నలభై సెకన్లు నిశ్శబ్దంగా అయిపోయాయి.

మిరపకాయలో కొంచెమైనా మిగిలి ఉంటుందేమోనని చేలోకి పరిగెత్తాను.

కుక్కల అరుపులు దూరం నుంచే వినిపించాయి. ఆడవాళ్ళెవరూ కొయ్యట్లేదు. సాళ్ళలో నిలబడి మైకు వైపు చూస్తున్నారు.

"ఏందే రమ్యా ఇది? కుక్కలని చెప్పి మళ్ళీ అదే పెట్టాడా మీ నాన్న?" అంది కోటిరత్నం అత్త.

"కుక్కలే కదత్తా."

"కుక్కలంట! చెవుడా నీకు? ఇందాకటి నించీ నీ పేరు పెట్టి పిలుస్తంటే?"

ఊపిరి బిగబట్టి విన్నాను. కుక్కలే. వంగి పెన్‌డ్రైవ్ పీకేశాను. మైకు ఆగిపోయింది. చేను మీద గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కానీ సఫూరా పిన్ని కొంగుతో చెవులు మూసుకుంది.

"ఆగలా" అంది.

"పలకవే పిల్లా" అంది అత్త. "ఓయ్ అని ఒక్కసారి పలుకు. జవాబొస్తే వెళ్ళిపోద్ది."

"పలకమాకే! పోయినోళ్ళు మూడుసార్లు పిలిచేదాకా పలక్కూడదు" అంది సఫూరా పిన్ని.

"మూడేందే? ముప్పై సార్లు పిలిచింది! పలకమ్మా, పలికితే మా పని మేం చేసుకుంటాం."

నోరు తెరిచాను. పలికితే వెళ్ళిపోతుంది. పలక్కపోతే వీళ్ళు వెళ్ళిపోతారు. అందరికీ వినిపిస్తున్న అమ్మ నాకొక్కదానికే వినిపించట్లేదు.

ఖాళీ గోతాలు భుజాన వేసుకుని నాన్న అవతలి గట్టు నుంచి వచ్చాడు. "పొద్దెక్కుతుంటే పని ఆపి మీరంతా..." అంటూ మాట మధ్యలో ఆగిపోయాడు. మైకు వైపు చూశాడు. నా చేతిలోని మిరపకాయ వైపు చూశాడు. తల కొంచెం పక్కకు వంచాడు.

"చెప్పన్నా, పలకమను దాన్ని" అంది అత్త. "లేకపోతే మేం పోతాం."

నాన్న గోతాలు కింద పడేసి గట్టు మీద కూర్చున్నాడు.

"పలకమాక" అన్నాడు నాతో, మెల్లగా. "కాసేపు పిలవనీ."