నలభై ఏడో గొట్టం

చివరి గుంటలోకి నీలి రంగు చుక్క వదిలి, పిన్ని ప్లేటుకు మూత పెట్టింది. ల్యాబులో అందరికీ ఆమె పిన్నే. ఇరవై ఆరేళ్లుగా తొంభై ఆరు గుంటల ప్లాస్టిక్ ప్లేట్ల మీద వంగి వంగి మెడ కాస్త ఎడమకు ఒరిగిపోయింది. మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి ఎత్తు పీట కావాలి. పొద్దున ఊడ్చే మనిషి దాన్ని తనే తెచ్చి అక్కడ పెట్టి పోతుంది. ఏ రోజూ చెప్పించుకోలేదు.

ఇవాళ్టితో, ఈ శుక్రవారంతో, పిన్ని ఉద్యోగం ముగుస్తుంది. సాయంత్రం ఫ్రీజరూ ఖాళీ చేస్తారు. క్యాన్సర్ కణాన్ని పట్టుకునే యాంటీబాడీలు అందులో రెండు వందల గొట్టాల్లో ఉన్నాయి. గట్టిగా అతుక్కునే పదింటిని ఉంచి మిగతావి పారేయమన్నాడు గ్రూపు పెద్ద. ఆ పదిలో నలభై ఏడు లేదు.

“అతుక్కుంటే సరిపోదు బాబూ,” అని సోమవారమే అతనికి చెప్పింది. “విషాన్ని మోసుకుని కణం లోపలికి పోవాలి. గుమ్మం పట్టుకుని వేలాడేవాళ్లతో మనకేం పని?”

“ఏవి గట్టిగా అతుక్కుంటాయో మెషిన్ చెప్పింది కదా పిన్నిగారూ. వెళ్లిపోయే ముందు ఈ పంచాయితీ ఎందుకు?”

“వెళ్లిపోయేదాన్నేగా, నన్నేం చేస్తారు?”

ఆ మధ్యాహ్నమే, ఎవర్నీ అడక్కుండా, ఆ పదింటితో పాటు నలభై ఏడుకూ విషం తగిలించి క్యాన్సర్ కణాల మీద వేసింది. బతికున్న కణాలు నీలాన్ని గులాబీ చేస్తాయి. చచ్చినవి చేయలేవు. ఇవాళ వదిలిన నీలం తేలడానికి ఇక నాలుగు గంటలు ఆగాలి.

ఈలోగా మొగుడు ఫోన్ చేశాడు.

“ఇవాళైనా పెందలాడే వస్తావా?”

“ఒకడి సంగతి తేలాలి.”

“ఎవడు వాడు?”

“నలభై ఏడు.”

“నాకు అరవై ఆరు. నా సంగతెప్పుడు తేలుస్తావు?”

రెండింటికి ప్లేటు వెచ్చటి పెట్టెలోంచి బయటికి తీసింది. ఆ పది యాంటీబాడీల గుంటలూ గులాబీ. నలభై ఏడు వేసిన మూడూ పొద్దున వదిలిన నీలంలోనే ఉన్నాయి. అదే యాంటీబాడీ విషం లేకుండా వేసిన చోట గులాబీ. విషంతో మామూలు కణాల మీద వేసిన చోటా గులాబీయే. ఆమె లేచి, ప్లేటు తీసుకెళ్లి గ్రూపు పెద్ద కాగితాల మీద పెట్టింది.

అతను ప్లేటు వెలుతురుకు ఎత్తి చూశాడు. “ఒక్కసారికే నమ్మలేం.”

“మళ్లీ చెయ్యండి. చెయ్యాలంటే గొట్టం ఉండాలిగా.”

“రిపోర్టు పైకి వెళ్లిపోయింది పిన్నిగారూ.”

“అది కాగితం, వెనక్కొస్తుంది. పారేసిన గొట్టం రాదు.”

ఆమె అతని ‘సరే’ కోసం ఆగలేదు. పది గొట్టాల పెట్టెలో పదకొండోదాన్ని పెట్టి, మూతకు తెల్ల టేపు అంటించి పెన్సిల్‌తో ఏదో రాసింది. పెన్ను రాత స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది. పెన్సిల్ రాత పోదు. ఐదింటికి కోటు కొక్కేనికి తగిలించి మెట్లు దిగింది. గేటు దగ్గర మొగుడు స్కూటర్ స్టార్ట్ చేసే ఉంచాడు.

తర్వాతి సోమవారం ఆ ఎత్తు పీట మీద గ్రూపు పెద్ద కూర్చున్నాడు. ఎదురుగా కొత్త ప్లేటు ముందు నలభై ఏడో గొట్టంలోని గడ్డ మెల్లగా కరుగుతోంది. పక్కన, మంచు తుడిచిన పెట్టె మూత మీద పెన్సిల్ రాత: ‘ఇది పారేసేవాళ్లు ముందు నాకు ఫోన్ చేయండి.’ కింద ఆమె నంబరు, ఒక్క అంకె కూడా చెదరకుండా.