పొట్టి పిడి చీపురు

రెండోసారి కూడా టేపు సరిగ్గా అంటుకోలేదు. మారిట్ విసుగ్గా దాన్ని చీలమండ మీది నుంచి పీకి పారేసింది. దాంతోపాటు కాస్త చర్మం కూడా లేచొచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద ఒక కాలు పెట్టి, పళ్ళతో కొత్త టేపు కొరికి, మూడోసారి చుట్టడం మొదలుపెట్టింది. మడమ కిందనుంచి, పాదం పైనుంచి, మళ్ళీ మడమ కిందనుంచి. పద్నాలుగేళ్ళుగా రోజూ చేస్తున్న పనే. ఇవాళే కుదరడం లేదు.

ముప్పై రెండేళ్ళ మనిషి. పొడగరి. కుడి ముంజేయి ఎడమదానికంటే ఒకటిన్నర రెట్లు లావు. చొక్కా కొనాలంటే అదే పేచీ, ఒక చేతికి బిగుతు, ఒక చేతికి వదులు. కాళ్ళు చీలమండల దాకా ఎండకి కమిలి, మేజోళ్ళు తీస్తే కింద పాదాలు తెల్లగా పాలిపోయి, ఇంకెవరివో తెచ్చి అతికించినట్టుంటాయి. మడమ పగుళ్ళలో కోర్టుల్లో పరిచే ఎర్రటి ఇటుకపొడి. ఎంత తోమినా పోదు. తోమడం ఎప్పుడో మానేసింది.

టెన్నిస్ ఆడి బతికే ఆడవాళ్ళందరిలో ఆమెది ప్రపంచంలో రెండువందల నలభై రెండో స్థానం. ఈ మాట ఎక్కడ చెప్పినా, "అబ్బో!" అంటారు, ఆ వెంటనే, "మరి టీవీలో ఎప్పుడూ కనపడలేదే?" అంటారు. పుట్టినరోజులకి చుట్టాలంతా కుర్చీలు గుండ్రంగా వేసుకుని, కాఫీ కప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు ప్రతి ఏడూ ఇదే ప్రశ్న. గ్రాండ్‌స్లామ్‌లో కాదు కదా, గ్రాండ్‌స్లామ్‌కి అర్హత పోటీల్లో అడుగు పెట్టాలన్నా ఇంకో పది స్థానాలు పైకెళ్ళాలని వాళ్ళకి ఎలా చెప్పేది? ఆ గీత దగ్గరిదాకా ఏడుసార్లు వెళ్ళింది. ఒకసారి నాలుగు స్థానాలు తక్కువ. ఒకసారి, ఖర్మ, ఒక్కటే.

ఇది ఎనిమిదోసారి. ఈ మధ్యాహ్నం ఇక్కడి చిన్న టోర్నీలో క్వాలిఫయింగ్ చివరి మ్యాచ్ గెలిస్తే వచ్చే పాయింట్లతో సోమవారం జాబితాలో గీత దాటుతుంది, ఆగస్టులో గ్రాండ్‌స్లామ్ అర్హత పోటీలకి న్యూయార్క్ వెళ్తుంది. ఓడితే అంతే. సెప్టెంబర్ నుంచి డెవెంటర్‌లో బడిపిల్లలకి ఆటలు నేర్పే ఉద్యోగం ఒప్పుకుని సంతకం పెట్టేసింది. మోకాలు ఇంకో ఏడాది మోయదని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పక ముందే మోకాలే చెప్పింది.

బయటికొచ్చేసరికి నాలుగో కోర్టు దగ్గర హార్మ్ గొట్టంతో నీళ్ళు చల్లుతున్నాడు. హార్మ్ ఆమె తండ్రి. ఐసెల్ నది గట్టు మీది ఈ క్లబ్బులో ముప్పై ఐదేళ్ళుగా కోర్టులు చూసుకునేవాడు ఆయనే. పెద్ద పెద్ద చేతులు, చిన్న చిన్న మాటలు.

"గాలి నదివైపు నుంచి వస్తోంది," అన్నాడు తలెత్తకుండా.

"తెలుస్తూనే ఉంది నాన్నా, నాకూ చర్మం ఉంది."

"చెప్పానంతే."

షెడ్డు గోడ మేకుకి తగిలించి ఉన్న పొట్టి పిడి చీపురు తీసుకుని మారిట్ కోర్టులోకి వెళ్ళింది. ఆరేళ్ళప్పుడు ఆమె ఎత్తుకి తగ్గట్టు హార్మ్ ఒక పెద్ద చీపురు పిడి కోసి చేసిచ్చినది. ఇప్పుడు దాంతో ఊడవాలంటే నడుం సగానికి వంచాలి. పొడుగు పిడివి మూడున్నాయి, అయినా దీన్నే తీస్తుంది. పక్క గీతలు, బేస్‌లైన్, సర్వీసు గీత, ఒక్కొక్కటీ తెల్లగా బయటపడేదాకా ఊడ్చింది. మ్యాచ్ రోజు ఇదేం పనని రోటర్‌డామ్‌లో కోచ్ ఒకాయన తల బాదుకునేవాడు. నిజమే, ఏం పని? కానీ చేయకపోతే రోజంతా చిరాకు.

క్యాంటీన్ కిటికీ లోంచి డీనీ కేకేసింది. ఆవిడా ముప్పై ఏళ్ళుగా అక్కడే.

"ఏమే మారిట్, తిన్నావా లేదా?"

"అరటిపండు తిన్నా డీనీ అత్తా."

"అరటిపండు తిండేనా! జున్ను రొట్టె పెట్టా, రా." మారిట్ వచ్చి నిలబడగానే మొదలెట్టింది. "మా చెల్లెలి కూతురు నీకంటే మూడేళ్ళు చిన్నది. దానికప్పుడే ఇల్లు, కుక్క, రెండో బిడ్డ. నీకో? ఆ సంచి."

"నాకు న్యూయార్క్ కావాలత్తా."

"న్యూయార్క్ ఎక్కడికి పారిపోతుందే? టికెట్ కొనుక్కుని వెళ్ళి చూసి రా. మా ఆయనా నేనూ వెళ్ళాం. ఏముందీ, మేడలు."

మారిట్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రొట్టె అందుకుని కొరికింది. వేళకింత తిండి పెట్టి మనసు చివుక్కుమనిపించడం డీనీకి వెన్నతో పెట్టిన విద్య.

మ్యాచ్ ఒంటిగంటకి. ఎదుట తీర్జా, పదిహేడేళ్ళ పిల్ల, పేరున్న శిక్షణాలయం నుంచి వచ్చింది. వెంట కోచ్, కెమెరా, మంచునీళ్ళ పెట్టె. ఏ బంతినైనా పగబట్టినట్టు కొడుతుంది. మారిట్ అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. చిన్న టోర్నీలు జరిగే మొనాస్టిర్‌లో ఒకే హోటల్లో పదకొండు వారాలు, అంటాల్యాలో ఎనిమిది, పోర్చుగల్‌లో ఎవరెవరి ఇళ్ళలోనో అతిథి మంచాల మీద, ఇలా గడిపి ఆమె నేర్చుకున్నది ఒకటే, బంతిని ఎదుటివాళ్ళకి నచ్చని చోట వేయడం. మొదటి సెట్టు పోయింది. రెండోది గాలి సాయంతో లాక్కొచ్చింది. మూడో సెట్టు బదులు పది పాయింట్ల టైబ్రేక్. ముందు పదికి చేరి, రెండు పాయింట్ల తేడా తెచ్చుకున్నవాళ్ళదే గెలుపు.

క్వాలిఫయింగ్ మ్యాచ్‌లకి కుర్చీలో అంపైర్ ఉండడు. ఎవరి వైపు పడిన బంతి లోపలో బయటో వాళ్ళే చెప్పుకోవాలి. ఎర్రమట్టి మీద బంతి గుర్తు ఉంటుంది కాబట్టి తగవొస్తే గుర్తు చూపిస్తారు. ఒక రెఫరీ మాత్రం నాలుగు కోర్టుల మధ్యా తిరుగుతుంటాడు.

మారిట్‌కి ఒక వెధవ అలవాటుంది. పాయింటుకీ పాయింటుకీ మధ్య తన వైపు లేచిన మట్టిని ఎడమ బూటు అంచుతో సర్దుకుంటూ నడుస్తుంది. నీ తర్వాత ఆడేవాళ్ళకి నువ్వు ఆడినట్టే తెలియకూడదని చిన్నప్పుడు హార్మ్ నూరిపోసింది. గీత పక్కన పడ్డ బంతి దగ్గర మాత్రం ఆగాలి, గుర్తు చూపించాలి, అవతలివాళ్ళు సరేనన్నాకే చెరపాలి. అది కూడా నేర్చుకుంది, పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

తొమ్మిది ఎనిమిది. ఆధిక్యం మారిట్‌ది. ఇంకొక్క పాయింట్ చాలు. అరచేతులు చెమటకి జారుతుంటే నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది. న్యూయార్క్ గురించి ఆలోచించకూడదనుకుంది, అంటే ఆలోచించింది. సర్వీసు చేసింది. తీర్జా ముందు అటు కొట్టింది, తర్వాత ఇటు కొట్టింది, మారిట్ అన్నీ ఎత్తి లోతుగా వేసింది. పదకొండో దెబ్బకి తీర్జాకి ఓపిక చచ్చింది. పక్క గీత వెంట ఫోర్‌హ్యాండ్ లాగి కొట్టింది. బంతి గీతకి అవతల పడింది. రెండు వేళ్ళంత దూరం. మారిట్ సరిగ్గా దాని పక్కనే ఉంది, కళ్ళారా చూసింది.

"బయట!" అంది వేలెత్తి.

అయిపోయింది. గెలిచేసింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఎనిమిదోసారికి, అమ్మయ్య, ఎనిమిదోసారికి! ఆ ఊపులో నెట్ వైపు అడుగేస్తుంటే, ఎడమ కాలు తన పని తాను చేసేసుకుంది. బూటు అంచు ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు. మట్టి చదునైపోయింది.

"ఆగు," అంది తీర్జా నెట్ దగ్గర్నుంచి. "గుర్తు చూడాలి."

మారిట్ కిందికి చూసింది.

రెఫరీ మూడో కోర్టు నుంచి వచ్చాడు. "ఏదీ, చూపించు."

గుర్తు లేదు. కానీ జానెడు దూరంలో ఇంకొకటుంది, రెండు పాయింట్ల కిందటిది, కంగారులో సర్దడం మరిచింది, గీతకి బాగా అవతల, స్పష్టంగా, ముద్ర కొట్టినట్టు. దాని చుట్టూ రాకెట్ కొనతో ఒక సున్నా చుడితే చాలు. ఎవరికీ తెలియదు. బంతి బయట పడ్డ మాట అబద్ధం కూడా కాదు. రాకెట్ కొన నేల దాకా దిగింది కూడా.

"నేనే చెరిపేశాను," అంది. "కాలితో. కానీ బయటే పడింది."

రెఫరీ ముఖం అదోలా పెట్టాడు. "నియమం నాకంటే నీకే బాగా తెలుసు. అవతలివాళ్ళు చూడకముందు చెరిపితే పాయింట్ వాళ్ళదే."

"తెలుసు."

"తొమ్మిది తొమ్మిది."

తర్వాతి పాయింట్ మారిట్ నెట్‌కి కొట్టింది. ఆ తర్వాతిది బాగానే ఆడింది, తీర్జా ఇంకా బాగా ఆడింది. అంతే. తొమ్మిది పదకొండు.

చేయి కలిపేటప్పుడు తీర్జా గొంతు తగ్గించి అడిగింది. "నిజంగా బయటేనా?"

"బయటే."

"మరి ఆ పక్కనున్నది చూపించొచ్చుగా? నాకేం తెలిసేది?"

వెక్కిరింపు కాదు. ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. మారిట్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది, అది ఆ పిల్ల మీద కాదు. కోచ్ పిలిస్తే తీర్జా సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆడినవాళ్ళే కోర్టు ఊడ్చి వెళ్ళాలన్న సంగతి ఆ పిల్లకెవరూ చెప్పినట్టు లేదు.

మారిట్ అలవాటుకొద్దీ కంచె దగ్గరున్న పొట్టి చీపురు అందుకుంది. బేస్‌లైన్ దాకా వచ్చింది. నడుం వంచింది. అక్కడే అలా ఆగిపోయింది.

మట్టి చదును చేయడానికి ఈడ్చే వల భుజాన వేసుకుని హార్మ్ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "బయటే పడింది," అన్నాడు. "నేను చూశాను."

"చూసి? చెప్పొచ్చుగా?"

"నీళ్ళు పట్టేవాడి మాట ఎవరికి కావాలి? పైగా నీ తండ్రిని."

"నాన్నా, అసలు నాకిది నేర్పిందెవరు?" అరిచింది. "చెరుపు, చెరుపు, చెరుపు! ఆరేళ్ళ పిల్లకి ఇంకేం నేర్పబుద్ధి కాలేదా నీకు? అందరూ గెలవడం నేర్చుకుంటుంటే నేను ఊడవడం నేర్చుకున్నా!"

హార్మ్ వల కింద పెట్టాడు. ఆ పెద్ద చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటు జేబుల్లో పెట్టుకుని మళ్ళీ తీశాడు.

"ఆ ఇంకో గుర్తు నేనూ చూశాను," అన్నాడు చివరికి. "నువ్వు చూపిస్తావేమోనని భయపడ్డాను. తర్వాత... చూపించకూడదా అని కూడా అనిపించింది."

మారిట్ ఆయన వైపు చూసింది. ముప్పై రెండేళ్ళలో తండ్రి నోటి వెంట ఇంత పొడుగు మాట వినడం ఇదే మొదలు. కోపం తగ్గలేదు. కానీ దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

"ఈ కోర్టు నేను ఊడవను," అంది.

"సరే."

"ఊడవనంటే ఊడవను నాన్నా."

"సరేనమ్మా."

చీపురు అక్కడే వదిలేసింది. రెఫరీ బల్ల దగ్గరికి వెళ్ళి, "వచ్చే వారం పోటీలోంచి నా పేరు తీసేయండి. ఆ పై వారం దాన్లోంచీ," అంది.

"ఏదైనా దెబ్బ తగిలిందా?"

"లేదు. అన్నిట్లోంచీ తీసేయండి."

అతను తల పైకెత్తి చూశాడు. "అన్నిట్లోంచీనా?"

"అన్నిట్లోంచీ."

అతను ఒక కాగితం ఇటు తిప్పాడు. ఆమె సంతకం పెట్టింది. పద్నాలుగేళ్ళ పని ముగియడానికి ఇంత సేపే పట్టింది. డీనీ కిటికీ దగ్గరికొచ్చింది. బిస్కెట్ల డబ్బా ముందుకి తోసింది. ఎప్పుడూ కాఫీతో ఒక్కటిచ్చి మూతపెట్టే మనిషి. మారిట్ రెండు తీసుకుని, సంచి భుజాలకి తగిలించుకుని, సైకిలెక్కి నది గట్టు దారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎదురుగాలి. అందులోనూ తిట్టుకుంటూనే తొక్కింది.

నాలుగింటికి నాలుగో కోర్టులో డబుల్స్ మ్యాచ్ ఉంది. హార్మ్ వల పట్టుకుని అవతలి సగం మొత్తం గుండ్రంగా ఈడ్చాడు. ఇవతలికొచ్చాడు. పక్క గీత దగ్గర, అరచేయంత మేర బూటు అంచు సర్దిన చదును కనిపించింది. దాని చుట్టూ అటూ ఇటూ పరిగెత్తిన అడుగులు, జారిన గీతలు, బేస్‌లైన్ దగ్గర వంగి ఆగిపోయిన రెండు పాదాల గుర్తులు. ఆయన వల అక్కడే వదిలేసి, షెడ్డులోకి వెళ్ళి, వానరోజుల్లో కోర్టు మూసినప్పుడు పెట్టే ఎర్ర పలక తెచ్చి గేటుకి తగిలించాడు.

"అదేంటి, మూసేశావు?" డీనీ కిటికీలోంచి అడిగింది. "డబుల్స్ వాళ్ళు వస్తున్నారు."

"రెండో కోర్టుకి పంపు. ఇక్కడ నీళ్ళు నిలిచాయి."

"ఇంత ఎండలోనా? నా కళ్ళకేం నీళ్ళు కనపడట్లేదు హార్మ్!"

"నిలిచాయంటే నిలిచాయి."

ముప్పై ఐదేళ్ళలో కోర్టుల గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. డీనీ కిటికీ మూసింది. గేటుకి తాళం పడింది. లోపల, షెడ్డు గోడ మేకుకి వేలాడాల్సిన పొట్టి పిడి చీపురు, ఆరేళ్ళ పిల్ల పట్టుకున్న చోట నునుపు తేలి, సగం కుచ్చు ఎర్రమట్టిలో, బేస్‌లైన్‌కి అడ్డంగా పడి ఉంది.