పై గాజులో నీళ్ళు

ఊరకే రారు మహానుభావులు అంటారు. ఊరకే మాట్లాడరు కూడా అని నా అనుభవం. అందుకే కొత్త మేనేజరు ఆ సోమవారం పొద్దున ఆరింటి షిఫ్టులో అందరినీ నిలబెట్టి మాట్లాడుతుంటే నేను ఆయన మొహం చూడలేదు, చేతులు చూశాను. అబద్ధం చెప్పేవాడి చేతులు కుదురుగా ఉండవు. ఆయనవి కుదురుగానే ఉన్నాయి. దాంతో నాకు ఇంకా అనుమానమొచ్చింది.

"మూడేళ్ళుగా నేను మనసు డాక్టరు దగ్గరికి వెళ్తున్నానండీ," అన్నాడు. "రోజూ మాత్ర వేసుకుంటాను. పాత చోట ఒకరోజు నా గదిలోకి అడుగుపెట్టలేక బయట మెట్ల మీదే గంటసేపు కూర్చుండిపోయాను. ప్రతి గురువారం నాలుగింటికి ఇక్కడ ఉండను, డాక్టరు దగ్గరుంటాను. బోర్డు మీద కూడా అదే రాస్తాను. మీలో ఎవరికైనా అలాంటిది ఉంటే నాతో చెప్పండి. ఉద్యోగానికేం ఢోకా లేదు."

అన్నట్టే బోర్డు మీద రాశాడు కూడా. అందరం తలలు వంచుకుని పనుల్లోకి పోయాం. రంగుల తొట్ల దగ్గర పనిచేసే పెద్దాయన ఒకడున్నాడు, ఏ కబురైనా ముందు అతని నోటే రావాలి కాబట్టి 'రేడియో' అంటాం. అతను నా చెవిలో ఊదాడు.

"చూశావా బాయిలరూ, గాలం ఎంత మెత్తగా వేశాడో! ఎవడో ఒకడు నోరు తెరుస్తాడు. మర్నాడే ఇంటికి."

మిల్లులో నన్నందరూ బాయిలరనే పిలుస్తారు. రేడియో మాట తీసిపారేయడానికి లేదు. మా తోడల్లుడు ఇదే మిల్లులో పన్నెండేళ్ళు చేశాడు. నిద్ర పట్టట్లేదు, బుర్ర పనిచెయ్యట్లేదు అని పాత మేనేజరు దగ్గర పాపం నోరు జారాడు. ఉద్యోగానికేం ఢోకా లేదు, నెల్లాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. నెల తర్వాత వెళ్తే అతని తొట్టి దగ్గర వేరే మనిషి ఉన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఉత్తినే అనలేదు.

అయినా నాకెందుకంత కంగారంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాటలన్నీ నా కోసమే అన్నట్టు తోచింది.

బట్టలకు రంగులద్దే మిల్లు మాది. మొత్తానికి ఆవిరి పంపే బాయిలరు నా చేతిలో ఉంటుంది. రెండంతస్తుల ఎత్తు. లోపల నీళ్ళు తగ్గితే ఇనుము ఎర్రగా కాలి పేలిపోతుంది. నీళ్ళెంతున్నాయో చూపించే మీటరు కిందుంది గానీ మీటరు ఎప్పుడైనా మొరాయించవచ్చు. అందుకని షిఫ్టుకు రెండుసార్లు ఇనప నిచ్చెన ఎక్కి, పైన గాజు గొట్టంలో నీళ్ళు కళ్ళారా చూసి ఆ అంకె రిజిస్టర్లో రాయాలి. పద్దెనిమిదేళ్ళు ఎక్కాను. నాలుగు నెలల కిందట ఒకరోజు ఆరో మెట్టు మీద గుండె దడదడలాడింది. ఊపిరందలేదు. పోతున్నాననే అనుకున్నాను. దిగితే ఏమీ లేదు. మర్నాడూ అంతే. మూడో రోజు నుంచి ఎక్కడం మానేసి, కింద మీటరులో ఏ అంకె ఉంటే దాన్నే పై గాజు గడిలో కూడా రాసేస్తున్నాను.

సిగ్గుగా ఉండేది. భయంగా కూడా ఉండేది. పేలితే నలభై మంది పోతారు. చెబితే నా ఉద్యోగం పోతుంది. ఇద్దరు పిల్లల చదువులు నా ఒక్కడి జీతం మీదే నడుస్తున్నాయి. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మేనేజరు మీద నాకున్న అనుమానం ఆ గాలం సంగతొక్కటే కాదు. ఆయన వచ్చి మూడు నెలలైంది, మాతో కలిసి ఒక్కపూట భోంచేసి ఎరగడు. పదకొండున్నరకు మేం తినడానికి పోతాం. తిరిగొచ్చేసరికి బాయిలరు వెనక నుంచి చేతులు తుడుచుకుంటూ వస్తుంటాడు. ప్యాంటు మోకాళ్ళ మీద తుప్పు మరక. అక్కడ మా లాకర్లు తప్ప ఏముందని? సోదా చేస్తున్నాడన్నమాట. నా లాకరు తలుపుకు సన్నటి దారం ముక్క అంటించి చూశాను. వారమైనా దారం తెగలేదు. ఎంత నేర్పుగా తీస్తున్నాడో అనుకున్నాను.

మా ఆవిడకు ఆయన ఉపన్యాసం సంగతి చెబితే చేతిలో బట్టలు మడత పెట్టడం ఆపింది.

"మా బావ సంగతి మర్చిపోయారా ఏంటి? ముందు ఆయన నిజంగా డాక్టరు దగ్గరికే వెళ్తున్నాడా, ఇంకెక్కడికైనానా, వెనకాలే వెళ్ళి చూసి రండి."

గురువారం నా షిఫ్టు రెండింటికే అయిపోయినా గేటు ఎదురుగా మూడున్నర దాకా కాచుకు కూర్చున్నాను. ఆయన బస్సెక్కితే నేను వెనక తలుపులోంచి ఎక్కాను. నాలుగో స్టాపులో దిగి, కళ్ళద్దాల కొట్టు పక్క మెట్లెక్కాడు. మెట్ల దగ్గర రెండు బోర్డులున్నాయి. ఒకటి మనసు డాక్టరుది, రెండోది పళ్ళ డాక్టరుది. నవ్వొచ్చింది నాకు. పిప్పిపన్నుకు ఇంత కథ అల్లాడా! దొరికాడు దొంగ. అడుగులో అడుగేసుకుంటూ పైకి వెళ్ళి, ఆయన అక్కడ లేడని రూఢి చేసుకుందామని కుడివైపు మనసు డాక్టరు తలుపు తోశాను.

ఎదురు బెంచీ మీద మేనేజరు. పక్కన బల్ల దగ్గర ఒకమ్మాయి తలెత్తి, "పేషెంటు ఎవరండీ?" అంది.

ఆయన వెంటపడి వచ్చానని ఆయన ముందే ఎలా చెప్పను? "నేనే," అన్నాను. ఆ అమ్మాయి పేరూ వయసూ రాసుకుని ఏడో నంబరు చీటీ ఇచ్చింది. మేనేజరు చేతిలో ఆరో నంబరు. ఖాళీ అక్కడొక్కటే ఉంది, ఆయన పక్కన.

అయిపోయింది, నా అంతట నేనే వచ్చి బోనులో పడ్డాను అనుకుంటూ కూర్చున్నాను.

"రండి బాయిలరు గారూ," అన్నాడాయన, ఏ మాత్రం ఆశ్చర్యం లేకుండా.

"దారిన పోతూ వచ్చానండీ. నాకేం లేదు."

"సరేనండీ." మెల్లగా అన్నాడు. "పై గాజుకీ కింద మీటరుకీ ఎప్పుడూ రెండో మూడో తేడా ఉంటుంది. మిగతా రెండు షిఫ్టుల్లోనూ ఉంది. మీ గడుల్లో మాత్రం నాలుగు నెలలుగా తేడానే లేదు."

"ఎప్పుడు చూశారు?"

"వచ్చిన రెండో వారంలో. అప్పట్నుంచీ మీరు భోజనానికి వెళ్ళినప్పుడు నేనే ఎక్కి చూస్తున్నాను."

తుప్పు మరక నిచ్చెనది! లాకరు దారం తెగకపోవడంలో ఆయన నేర్పేమీ లేదు.

"అయితే సోమవారం మాటలు నాకు వేసిన వలేనా?"

"మీకే," అన్నాడు. దాచలేదు. "మొదటి రోజే పిలిచి అడగాల్సింది. అడిగితే కాదంటారని భయపడ్డాను. పద్దెనిమిదేళ్ళ మనిషి ఒళ్ళు బద్ధకంతో మానెయ్యడని తెలుసు, నాకూ మెట్లతో పని పడింది కదా. అయినా ఇన్నాళ్ళు ఆగడం నా తప్పే. పైవాళ్ళకు అలాగే రాస్తాను."

"మరి నా ఉద్యోగం?"

"రేపట్నుంచి బాయిలరు మీ చేతిలో ఉండదు. కింద పంపుల దగ్గర చేద్దురు. జీతం అదే. డాక్టరు సరేనన్న రోజు మళ్ళీ ఎక్కుదురు."

"మా తోడల్లుడికీ ఇలాగే చెప్పారు."

"తెలుసు. ఆయన ఫైలు చూశాను. అందుకే మీకు ముందు పంపుల దగ్గర చోటు కాగితం మీద రాయించి, ఆ తర్వాతే నోరు విప్పాను." జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. పోయిన శనివారం తేదీ ఉంది. నా పేరుంది. సంతకం నిజమైనదేనా అని వెలుతురుకెత్తి చూశాను. ఆయన నవ్వలేదు.

ఆయన లోపలికెళ్ళి అరగంటకు బయటికొచ్చాడు. కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. ఏడో నంబరు పిలిచారు. ఆయన మళ్ళీ బెంచీ మీద కూర్చోబోతుంటే అడిగాను.

"ఎందుకండీ కూర్చోవడం? నేనేం చెబుతానో విందామనా?"

"ఇద్దరిదీ ఒకే బస్సు కదండీ."

లోపలికెళ్ళి తలుపు గట్టిగా మూసుకుందో లేదో రెండుసార్లు లాగి చూశాను. బల్ల వెనక పెద్దావిడ కూర్చోమని కుర్చీ చూపించి, ఏమిటి ఇబ్బంది అని అడిగింది. నాకేం లేదనే నోటి దాకా వచ్చింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఎక్కలేకపోతున్నానమ్మా."