పాసంగం

భోజనాల బల్లకు ఆ చివర వీరరాఘవమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఈ చివర ఆమె అల్లుడు మల్లేశ్వరరావు నాకు తూకం సరిచేస్తున్నాడు. ఆమె విసిరే ఈనెలు కొన్ని పళ్ళెంలో పడుతున్నాయి, కొన్ని నా మీద పడుతున్నాయి.

నేను ఒక జింబల్‌ని. ఆరు రెక్కల డ్రోన్ పొట్ట కింద వేలాడుతూ, కెమెరాను చేతుల్లో పట్టుకుని ఉండే సాధనాన్ని. పైన డ్రోన్ గాలికి ఎంత ఊగినా, ఎటు ఒరిగినా నా చేతిలోని కెమెరా వంగదు. ఏది సమంగా ఉందో ఏది లేదో నాకు తెలిసినంతగా మనుషులకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడడం మాత్రం వాళ్ళకు బాగా వచ్చు. అంతెందుకు, ఆ బల్లకే ఒక కాలు పొట్టి. ఏళ్ళ తరబడి దాని మీదే భోంచేస్తున్నారు, ఒక్కరూ గమనించలేదు.

నేను పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. నన్ను తయారుచేసినవాళ్ళు ముఖాలకు గుడ్డలు కట్టుకుని ఉండేవాళ్ళు కనుక నాకు ఎవరి పోలికా రాలేదు. మూడు చిన్న మోటార్లు, వాటిని కలిపే చేతులు, ఒంపును పసిగట్టే ఒక బుల్లి మెదడు, నెత్తిన రబ్బరు గుండ్లు అమర్చిన పలక. ఇదే నా ఒళ్ళు. ఆ గుండ్లు డ్రోన్ వణుకును నా దాకా రానివ్వవు. మనుషుల వణుకును ఆపే రబ్బరు ఇంకా ఎవరూ తయారుచేసినట్టు లేదు.

నా మొదటి యజమాని హైదరాబాదులో సినిమాలకు డ్రోన్ అద్దెకిచ్చేవాడు. కెమెరా బిగించడం, వెంటనే స్విచ్ వెయ్యడం, అంతే. "తూకం ఎందుకురా, మోటార్లున్నాయిగా" అనేవాడు. నాకు కరెంటు ఇవ్వకముందే తూకం సరిచెయ్యాలి. ప్రాణం వచ్చాక బరువు ఎటు ఎక్కువైనా నా మోటార్లు బలవంతంగా లాగి పట్టుకుంటాయి. పైకి అంతా సమంగానే కనిపిస్తుంది, లోపల వేడెక్కుతూ ఉంటుంది. చాలా కాపురాలు ఈ పద్ధతిలోనే నడుస్తాయని నాకు తర్వాత తెలిసింది. ఒక మోటారు కాలిపోయాక, కొత్తది వేయించి నన్ను అమ్మేశాడు.

రెండోవాడు ప్లాట్లు అమ్మేవాడు. తుమ్మచెట్లను తప్పించి, గుంటలను తప్పించి, ఎప్పటికో రాబోయే పార్కు వైపు నన్ను తిప్పేవాడు. నేను నిటారుగా చూపించినదానికి వాడు వంకర మాటలు అతికించి అమ్మాడు. ప్లాట్లు అయిపోయాక నన్నూ అమ్మాడు. కొన్నది రేపల్లెలో ఫొటో స్టూడియో ఉన్న పున్నారావు. ఎదురు స్టూడియోవాడు డ్రోన్ కొన్నాడన్న ఒక్క కారణంతో కొన్నాడు. నన్నెలా వాడాలో ఆయన నేర్చుకోలేదు. "నా చెయ్యే స్టాండయ్యా. ఈ చేత్తో తీసిన పెళ్ళిళ్ళలో ఒక్కటి వంకర పోలా" అంటాడు. ఫొటోల సంగతా కాపురాల సంగతా అన్నది చెప్పడు.

అలా నేను మల్లేశ్వరరావు చేతికి వచ్చాను. అతను ఆ ఇంటి ఇల్లరికపు అల్లుడు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే పొన్నూరులో పిన్ని పెంచింది. పున్నారావు ఒక్కగానొక్క కూతురు శేషుకుమారిని చేసుకుని ఈ ఇంటికి వచ్చాడు. స్టూడియోలో పనంతా అతనిదే. బోర్డు మీద పేరు మాత్రం మామగారిది. కొత్తవాళ్ళెవరైనా వచ్చి "ఎవరండీ ఈ అబ్బాయి?" అంటే పున్నారావు కుర్చీలో వెనక్కి వాలి, "మా అల్లుడు. పాసంగం" అనేవాడు.

పున్నారావు తండ్రికి కిరాణా కొట్టు ఉండేది. అక్కడి తక్కెడలో ఒక పళ్ళెం కిందికి లాగితే, రెండోదాని అడుగున ఒక చిన్న రాయి కట్టి సమం చేసేవాళ్ళట. దాన్ని పాసంగం అంటారు. "అది సరుకూ కాదు, తూకం రాయీ కాదు. ఊరికే ఏలాడుద్ది" అని వివరించేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మల్లేశ్వరరావు కూడా నవ్వేవాడు. అందుకే అతనంటే నాకు చిన్నచూపు. నాకు నోరు లేదు. అతనికి ఉంది, దాన్ని అన్నానికి మాత్రమే వాడుకున్నాడు.

తక్కెడ మా వంశంలో పెద్దది. పాసంగం లేని తక్కెడ అబద్ధం చెబుతుందని పున్నారావుకు ఆయన తండ్రి చెప్పే ఉంటాడు. కిరాణా కొట్టు కనుక చెప్పకుండా ఉన్నా ఆశ్చర్యం లేదు.

అల్లుడి నోరు ఎలాంటిదైనా వేళ్ళు మంచివి. బ్యాటరీ పెట్టి, కార్డు పెట్టి, లెన్సు మూత తీశాకే నన్ను ముట్టుకునేవాడు. కెమెరా ముక్కు కిందికి వాలితే వెంట్రుకవాసి వెనక్కి జరిపేవాడు. పక్కకు వాలితే రెండో పక్కకు జరిపేవాడు. వేలు తీసేస్తే కెమెరా పెట్టినచోటే నిలబడాలి. నిలబడేదాకా వదిలేవాడు కాదు.

తిరనాళ్ళకు కొద్ది రోజుల ముందు పున్నారావు అన్నం కలుపుతూ ఒక మాట అన్నాడు.

"బండలాగుడు పందేలకి కమిటీవాళ్ళు ఈసారి పెద్ద తెర పెడతన్నారు. ఎడ్లని పైనించి చూపియ్యాలంట. ఇది సవ్యంగా చేశావంటే బోర్డు మీద నీ పేరు కూడా ఎక్కిస్తానయ్యా."

వడ్డిస్తున్న శేషు చేతిలో గరిటె ఆగింది. "నిజంగానా నాన్నా?"

"నిజంగా కాక? పున్నారావు అండ్ మల్లేశ్వరరావు. చదవటానిక్కూడా బావుంది."

ఆ పూట మల్లేశ్వరరావు ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. ఆ రాత్రి బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో ఆలుమగలు మాట్లాడుకోవడం నేను విన్నాను. పచ్చ మీద తెలుపు అని తేల్చారు.

చిక్కుడుకాయల పక్కన నాకు తూకం జరిగింది పందేలకు ముందురోజు. కెమెరాను ఆకాశం వైపు తిప్పి వేలు తీశాడు. అలాగే నిలబడింది. ఎదురుగా చూసేలా తిప్పి తీశాడు. అలాగే నిలబడింది. అప్పుడు వీరరాఘవమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లేచి, దేవుడి గూట్లోంచి ఒక నల్లతాడు తెచ్చింది. దానికి బొటనవేలంత గవ్వ ఉంది.

"ఇదెందుకత్తయ్యా?"

"దిష్టికి అల్లుడూ. రేపు ఊరి కళ్ళన్నీ దీని మీదే ఉంటయ్యి. నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్ది."

"కెమెరాకి కాకుండా పైన డ్రోనుకి కడదామా?"

"చూసేది కెమెరా అయితే డ్రోనుకి కడితే ఏం లాభం?"

ఈ వాదనకు నన్ను తయారుచేసిన ఇంజనీర్ల దగ్గర కూడా జవాబు ఉండదు. ఆమె కెమెరా పక్కన తాడు కట్టింది. కెమెరా మెల్లగా ఆ పక్కకు తల వాల్చింది.

"అమ్మా, అది బరువవుద్దేమోనే" అంది శేషు.

"గవ్వ బరువు మొయ్యలేంది ఇదేం మిషనే?"

"అక్కర్లేదు, తీసెయ్యండి" అని మల్లేశ్వరరావు అనొచ్చు. అత్తగారు దేవుడి గూట్లోంచి తెచ్చినదాన్ని ఇల్లరికపు అల్లుడు తీసెయ్యమనడం మనుషుల్లో కుదరదట. లేచి వెళ్ళి పెట్టెలోంచి ఒక ఇత్తడి వాషరు తెచ్చాడు. గవ్వకు ఎదురు పక్కన దాన్ని అంటుటేపుతో అతికించి, మళ్ళీ వేలు తీశాడు. కెమెరా తల ఎత్తి నిలబడింది.

శేషు ఒంగి చూసి, "పాసంగం" అంది, అతనికి మాత్రమే వినపడేలా. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో ఆ మాటను ఎవరైనా మంచిగా అనడం నేను విన్నది అప్పుడే.

మర్నాడు తిరనాళ్ళలో దుమ్ము, ఎండ, జనం. మల్లేశ్వరరావు నన్ను డ్రోన్ కింద బిగించి సిద్ధంగా ఉంచాడు. పున్నారావు పట్టంచు కండువా వేసుకుని కమిటీ పెద్దలను వెంటపెట్టుకుని వచ్చాడు. గవ్వను చూసి కళ్ళకద్దుకున్నాడు. వాషరును చూసి ముఖం చిట్లించాడు.

"ఈ బిళ్ళేందయ్యా, పంచరు అతుకులాగా?"

"అది ఉండాలి మావయ్యా. గవ్వకి..."

"పెద్దమనుషులు చూస్తన్నారు. అసయ్యంగా ఉంది."

గోటితో లాగి, చొక్కా జేబులో వేసుకున్నాడు. మల్లేశ్వరరావు నోరు తెరిచాడు. ఈలోగా మైకులో "డ్రోనువాళ్ళు లేపండి, ఎడ్లు దిగినయ్యి" అని పిలుపు వచ్చింది. నోరు మూశాడు. నాకు స్విచ్ వేశాడు.

నా మోటార్లు గవ్వ బరువును బలవంతంగా లాగి పట్టుకున్నాయి. తెర మీద అంతా సమంగా ఉంది. ఎడ్ల వీపులు, బండ వెనక లేస్తున్న దుమ్ము, చర్నాకోల పట్టుకుని పరిగెత్తే మనుషులు. జనం ఈలలు వేశారు. పెద్దలు పున్నారావు భుజం తట్టారు. తట్టించుకోవడానికి ఆయన భుజం ముందే కాస్త వంచి పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి సముద్రం వైపునుంచి గాలి లేచింది. గవ్వ ఊగడం మొదలుపెట్టింది. నా పక్క మోటారు అట్లపెనంలా కాలింది. అందరూ ఎదురుచూస్తున్న పెద్ద జత బండను లాగుతూ గీత దగ్గరికి వస్తున్నప్పుడు నేను చెయ్యి వదిలేశాను. ఇందులో నేను సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తెర మీద భూమి ఒక పక్కకు లేచింది.

"ఒరేయ్, ఎడ్లు కొండెక్కుతున్నాయిరోయ్" అన్నారెవరో.

"కొండ కాదురా, బండే ఎడ్లని తరుముతంది."

తర్వాత తెర నిండా ఆకాశం. అందులో ఒక కాకి. ఆ జత గీత దాటిందో లేదో తెర చూసేవాళ్ళెవరికీ తెలియలేదు. డ్రోన్ దించమని మైకులో రెండుసార్లు బతిమాలారు.

పెద్దల ముందు పున్నారావు నవ్వు తెచ్చుకున్నాడు. "మా అల్లుడండీ. పాసంగం. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆ మాట అంటున్నప్పుడు వాషరు ఆయన జేబులోనే ఉంది. పెద్దలు నవ్వారు. మల్లేశ్వరరావు ఈసారి నవ్వలేదు.

సాయంత్రం నన్ను ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. గవ్వ తాడు విప్పి దేవుడి గూట్లో పెట్టి వచ్చాడు. కూర్చుని, ఎవరూ అడగకపోయినా, నాకు మొదటినుంచీ తూకం సరిచేశాడు. వేలు తీసి కెమెరా నిలబడిందని చూసుకున్నాక లేచి, సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడు.

"పొన్నూరు పోతన్నా అత్తయ్యా. పిన్ని దగ్గరుంటా."

"అన్నం తిని పోరాదా?"

"వద్దత్తయ్యా."

ఆ నోరు ఆ ఇంట్లో అన్నం వద్దనడం అదే మొదలు. గుమ్మం దగ్గర శేషు వైపు చూశాడు. రమ్మనలేదు. ఆమె తలుపు రెక్క పట్టుకుని అక్కడే నిలబడింది. ఇద్దరికీ ఇద్దరూ సరిపోయారనుకున్నాను.

"పోనీవే" అన్నాడు పున్నారావు టీవీ ముందునుంచి. "పాసంగం ఎక్కడికి పోద్ది? తాడున్నంత మేర ఊగి, మళ్ళీ ఇక్కడికే వస్తది."

పొద్దున్నే శేషు బకెట్లో బట్టలు నానబెడుతోంది. నానబెట్టేముందు జేబులు చూడడం ఆమెకు అలవాటు. తండ్రి చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆగింది. తడి చేత్తోనే బల్ల దగ్గరికి వచ్చింది. పున్నారావు నా పక్కన కాఫీ గ్లాసు పెట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"ఇది నీ జేబులో ఉంది నాన్నా."

ఆయన పేపరు కొంచెం దించి చూశాడు. "ఓ, అదా. కెమెరాకి అంటించాడులే పిచ్చోడు. అవతల పారెయ్."

శేషు నా వైపు చూసింది. గవ్వ లేని చోటు, వాషరు లేని చోటు రెండూ చూసింది. అరచేతిలోని వాషరును కొంగు చివర పెట్టి ముడి వేసుకుంది. చిలక్కొయ్యనుంచి తన సంచి తీసుకుంది.

"శేషూ" అన్నాడు పున్నారావు. లేవబోతూ బల్ల మీద చెయ్యి ఆనించాడు. బల్ల పొట్టికాలి వైపు ఒరిగింది. గ్లాసు దొర్లి కాఫీ నా కిందికి పారింది. ఆయన కూతురిని వదిలి బల్ల కాలు వైపు చూశాడు, ఈ ఇంట్లో దాన్ని ఎవరు పెట్టారన్నట్టు.

"ఎక్కడికే అమ్మాయ్? బట్టలు బకెట్లో అట్టనే ఉన్నయ్యి" అంది వంటింట్లోంచి వీరరాఘవమ్మ.

శేషు గడప దాటి, చెప్పులు వేసుకుని, గేటు తీసింది. దాన్ని మూయకుండానే వెళ్ళిపోయింది.